పదకొండు రోజుల తేడా

“అమ్మా, ఆ పుస్తకం ఇలా ఇవ్వు.”

క్లోతిల్డ్ వినిపించుకోలేదు. తురిమిన బంగాళాదుంపలను గుడ్డలో మూటకట్టి, రెండు చేతులతో మెలిపెట్టి పిండుతోంది. చిక్కటి తెల్లనీరు కింద గిన్నెలోకి కారుతోంది. వాటాల పుస్తకం ఆమె వెనక రొట్టెల పెట్టెలో ఉంది. పెట్టె మూతమీద ఆమె తన ఉన్ని టోపీ పెట్టి ఉంచింది. ఆ ఇంట్లో అంతకు మించిన తాళం ఎన్నడూ అవసరం కాలేదు.

“రేపు చర్చిలో ప్రార్థన అయ్యాక వాటాలు కొన్న పందొమ్మిది మందీ హాల్లో కూర్చుంటారు,” అన్నాడు రేజిస్. “నువ్వు చేసే ఈ బంగాళాదుంపల రాపూర్ తింటారు. తిన్నాక చేతులు చాచి, పన్ను రాయితీ చీటీ ఏదీ అంటారు. అప్పుడేం వడ్డిస్తావు?”

“ఉన్నదేదో అదే వడ్డిస్తాను.”

“ఉన్నది ఇదీ!” అని అతను బల్లమీది ఉత్తరాన్ని అరచేత్తో కొట్టాడు. ఉప్పుడబ్బా ఎగిరి పడింది.

మంగళవారం వచ్చిన ఆ ఉత్తరాన్ని ఆ ఇంట్లో ముగ్గురూ ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. ప్రావిన్సు ప్రభుత్వం రాసిన మూడు వాక్యాలవి. కొత్త సాంకేతిక సంస్థలో సొంత ప్రావిన్సువాళ్లు పెట్టిన ప్రతి వంద డాలర్లకీ ముప్పైఅయిదు వాళ్ల పన్నులో తగ్గిస్తామన్న మాట నిజమే. కోడలు ఆర్మెల్ పెట్టిన సంస్థకు ఆమోదం నవంబరు ఇరవైమూడున ఇచ్చిన మాటా నిజమే. అయితే పందొమ్మిది మంది సొమ్మూ నవంబరు పన్నెండుననే బ్యాంకులో జమ అయింది. ఆమోదానికి ముందు అమ్మిన వాటాలకు రాయితీ వర్తించదు.

“ఒక్క అంకె,” రేజిస్ గొంతు తగ్గించాడు. “పన్నెండుని ఇరవైనాలుగు చెయ్యి. కార్యదర్శివి నువ్వు, రాత నీది. కొత్త పేజీ రాసి పాతది పొయ్యిలో వెయ్యి.”

కిటికీ దగ్గర నిలబడిన ఆర్మెల్ ఇటు తిరిగింది. “బ్యాంకు కాగితం మీద పన్నెండే ఉంటుంది.”

“బ్యాంకు కాగితం ఎవరు చూస్తారు?”

“చూసేదాకా ఎవరూ చూడరు. చూసిన రోజున కంపెనీ ఉండదు, అత్తయ్య జైల్లో ఉంటారు.”

“జైల్లో వంట ఎలా ఉంటుందో,” అంది క్లోతిల్డ్, మూట విప్పుతూ. ఎవరూ నవ్వలేదు.

క్లోతిల్డ్ లేచి పొయ్యిమీద మరుగుతున్న కోడిపులుసును ఒకసారి కలిపింది. తర్వాత ఆర్మెల్, నాలుగు రోజులుగా నోట్లోనే దాచుకున్న ప్రశ్నను ఇక దాచలేక అడిగింది.

“చెక్కులు పెట్టిన కవరు మీద రాసి ఇచ్చాను కదా అత్తయ్యా. ‘ప్రభుత్వం ఉత్తరం వచ్చేదాకా చెక్కులు బ్యాంకులో వెయ్యకండి’ అని. ఎర్రసిరాతో.”

“రాశావు. చదివాను కూడా. నాకు చదువు రాదనుకున్నావా?”

“మరెందుకు వేశారు?”

క్లోతిల్డ్ చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. డెబ్భైఒక్క ఏళ్ల ఆ మనిషి పగటిపూట వంటగదిలో కూర్చోవడం ఆర్మెల్ ఎన్నోసార్లు చూడలేదు.

“నవంబరు పదకొండు, యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజు, వాళ్ల స్తూపం దగ్గర ఊరంతా ఉంది. మౌనం అయిపోయింది. ఇంకా టోపీలు కూడా పెట్టుకోలేదు. అప్పుడు మా మరిది అన్సెల్మ్ అందరికీ వినపడేలా, ‘వదినా, నా చెక్కు ఇంకా నీ సంచిలోనే ఉందట! ఏం, చేపకంపు కొడుతోందా?’ అన్నాడు.”

“హాస్యమాడారు.”

“నీకు హాస్యం. నువ్వు మాంక్టన్ పట్నం పిల్లవి.” ఆమె గొంతులో నింద లేదు, వయసు ఎంతో చెప్పినట్టు చెప్పింది. “ఇక్కడ ఒక మనిషి చెక్కు తీసుకుని వారం రోజులు బ్యాంకులో వెయ్యకపోతే, వాడి ఖాతాలో డబ్బు లేదని నువ్వు అనుమానించావన్నమాట. వీడి నాన్న చెక్కుని ఒకసారి డీజిలు కొట్టువాడు తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. ఆయన బతికినన్నాళ్లూ ఆ కొట్టు గడప తొక్కలేదు, డీజిలు కోసం పక్క ఊరికి పోయాడు. అన్సెల్మ్ నవ్వుతూనే అన్నాడు. కానీ అతని మెడ ఎర్రబడటం నేను చూశాను. వెనకాల మిగతావాళ్లు నవ్వడం మానేసి నావైపు చూశారు. పన్నెండో తారీఖు పొద్దున బ్యాంకు తలుపు తీసేసరికి అందరికన్నా ముందు నేనే ఉన్నాను.”

ఆర్మెల్ భర్తవైపు చూసింది. ఇంతసేపూ అరిచిన రేజిస్ ఇప్పుడు తల వంచుకుని ఉప్పుడబ్బా మూత సరిచేస్తున్నాడు. ఆమెకు అర్థమైంది. అతనైనా అదే పని చేసేవాడు.

పదమూడేళ్లుగా ఆన్స్-గ్రీజ్ ఊళ్లో కాపురం చేస్తూ, ఏ పడవ ఏ ఇంటిదో చీకట్లో చప్పుడు విని చెప్పగల తనకు ఇది తెలియలేదు. ఎర్రసిరాతో రాస్తే చాలనుకుంది.

“పుస్తకం ఇస్తావా, ఇవ్వవా?” అన్నాడు రేజిస్ మళ్లీ.

“ఇవ్వను. అందులో పందొమ్మిది మంది పేర్లూ నా చేత్తో రాశాను. ఎవరి పేరూ పొయ్యిలో వెయ్యను.”

అతను కోటు తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు విసురుగా వేయబోయి, తల్లి చూపు గుర్తొచ్చినవాడిలా, చివరి క్షణంలో చేత్తో పట్టి మెల్లిగా మూశాడు.

*

గాలి హోరుకి ఆ శనివారం పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. రేజిస్ తన పడవ ‘క్లోతిల్డ్-మరీ’ లోపల, ఇంజను మూత తెరిచి, చలిలో చేతులు ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆర్మెల్ నిచ్చెన దిగి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరిమధ్యా ఒక ఖాళీ ఎర బకెట్టు ఉంది.

“ఇంకో దారి ఉంది,” అందామె. “నిన్న పన్నుల ఆఫీసులో ఒకావిడతో గంట మాట్లాడాను.”

“గంటసేపా? పన్నులవాళ్లకి అంత తీరిక ఎక్కడిది?”

“మంచి మనిషి. ఏడాదిలో మొదటి అరవై రోజుల్లోపల కొన్న వాటాలను పోయిన ఏడాది పన్నులోనే కలుపుకోవచ్చట. అంటే మార్చి ఒకటి, వచ్చే శుక్రవారం దాకా. పాత వాటాలు రద్దుచేసి, ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో తిరిగి వెయ్యాలి. వాళ్లు మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టి కొంటే, అది కొత్త పెట్టుబడే. అందరికీ రాయితీ వస్తుంది.”

“ఓహో! లక్షా తొంభై వేలు తిరిగివ్వాలా? ఎక్కడుంది? పెట్టెలో ఉందా? నీ యంత్రం మింగేసింది కదా.”

యంత్రం రేవు చివరి షెడ్డులో ఉంది. లాబ్‌స్టర్‌ని కదిలే పట్టీమీద పంపిస్తే, పెంకుకి ఏ గాయమూ చెయ్యకుండా దాని గుండె చప్పుడు విని, విమానంలో దూరదేశానికి వెళ్లేదాకా బతుకుతుందో లేదో చెబుతుంది. మొదటి నెలలోనే ఊరి కొనుగోలుదారుకి చచ్చే సరుకు సగానికి తగ్గింది. ఆన్స్-గ్రీజ్ ఇన్నేళ్లలో కనిపెట్టిన వస్తువు అదొక్కటే. ఊరు దాన్ని ‘ఆర్మెల్ డాక్టరు’ అని పిలుస్తోంది.

“అందరికీ ఒకేసారి ఇవ్వక్కర్లేదు,” అంది ఆర్మెల్. “పెద్ద మొత్తం అన్సెల్మ్ బాబాయిది. అరవై వేలు. ఆయనకి సోమవారం తిరిగిస్తే, ఆయన మళ్లీ కొంటే, అదే డబ్బుతో చిన్నవాళ్లు పదిమందికి ఇవ్వచ్చు. వాళ్లు మళ్లీ కొంటే మిగతావాళ్లకి రెండు విడతల్లో. అందరి ఖాతాలూ ఈ ఊరి బ్యాంకులోనే కాబట్టి ఏ పూటకాపూట అయిపోతుంది. శుక్రవారానికి పూర్తవుతుంది.”

“ఆయన మళ్లీ కొంటే.”

“కొంటే.”

“అడుగుదాం. మాట తీసుకుందాం. అన్సెల్మ్ మాటంటే మాట.”

“అదే కుదరదు. ముందే మాట తీసుకుంటే డబ్బు తిరిగిచ్చినట్టు కాదట, ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కున్నట్టట. నిజంగా వాళ్ల డబ్బు వాళ్లకి చేరాలి. ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోవచ్చు. మనం అడగకూడదు.”

రేజిస్ చేతికంటిన మసిని గుడ్డతో తుడుచుకున్నాడు.

“మొదటి అరవై వేలు ఎక్కడివి?”

ఆమె చూపు తెరిచి ఉన్న ఇంజను మీదికి వెళ్లింది.

“కొత్త ఇంజను కోసం దాచిన నా డబ్బు,” అన్నాడతను. “మూడు సీజన్లు. చెయ్యి విరిగిన ఏడాది కూడా దాన్ని ముట్టుకోలేదు. పోయిన నెల బీకన్ రాళ్ల దగ్గర ఇది ఆగిపోయినప్పుడు నలభై నిమిషాలు నేనేం చేశానో తెలుసా? నీకు చెప్పలేదు.”

“అమ్మకి చెప్పావు. అత్తయ్య నాకు చెప్పారు.”

“కంపెనీయా, ఇంజనా అని అడుగుతున్నావా?”

“నేనేమీ అడగటం లేదు.”

“అదే కదా నీ పద్ధతి. అడగవు. చూస్తావు.”

ఆ మాటకి ఆమె కళ్లు దించుకుంది. పక్క పడవలోంచి ఎవరో గట్టిగా కేకేశారు.

“ఒరే రేజిస్! రేపు చీటీలు ఇస్తున్నట్టేనా? మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టిస్తానంటోంది. పెళ్లయ్యాక నేను చేసిన మొదటి తెలివైన పని అదేనట!”

అతను కంపెనీలో రెండు వేలు పెట్టినవాడు. ఆ రెండు వేలకోసం స్నోమొబైలు అమ్ముకున్నాడని రేజిస్‌కి తెలుసు.

“రేపు రండి,” అని కేకేశాడు. తర్వాత భార్యవైపు చూడకుండా, గొంతు తగ్గించి అన్నాడు. “ముసలాయన ఉంచుకుంటే?”

“ఉంచుకుంటే మనకి ఇంజనూ లేదు, మిగతా పద్దెనిమిది మందికి చీటీలూ లేవు.”

“చక్కగా చెప్పావు.” అతను ఇంజను మూత వేసి, దానిమీద రెండు చేతులూ ఆనించి లేచాడు. “పద. బ్యాంకు శనివారం పన్నెండున్నర దాకా ఉంటుంది.”

*

అన్సెల్మ్ నాలుగింటికి వచ్చాడు. క్లోతిల్డ్ ఫోనుచేసి పిలిచింది. భుజం పాడై, పోయిన ఏడాది పడవనీ, లాబ్‌స్టర్ లైసెన్సునీ అమ్మేసిన ఆ పెద్దమనిషి ఇప్పుడు రేవుకి పోవడానికి కారణాలు వెతుక్కుంటూ బతుకుతున్నాడు. లైసెన్సు అమ్మిన సొమ్ముమీద పడే పన్నుకు భయపడే ‘ఆర్మెల్ డాక్టరు’లో అరవై వేలు పెట్టాడు. మిగిలింది ఇంటి పైకప్పుకి పోయింది.

“ఏం వదినా, ఒకరోజు ముందే పిలిచావు! నా చీటీ మిగతావాళ్ల చీటీలకన్నా పెద్దదనా?”

“కూర్చో, అన్సెల్మ్.”

“నిలబడే వింటాను. కూర్చోమన్నప్పుడల్లా నాకు చెడు కబురే వచ్చింది.”

అయినా కూర్చున్నాడు. క్లోతిల్డ్ అతనికి ఎదురుగా కూర్చుని, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా చెప్పింది. ఎర్రసిరా కవరు, స్తూపం, బ్యాంకు తలుపు, పదకొండు రోజులు. ఉత్తరం అతనిముందు పెట్టింది. అతను కళ్లజోడు తీసి పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“అయితే నేను హాస్యమాడినందుకా?”

“నీవల్ల కాదు. బ్యాంకుకి నడిచింది నా కాళ్లు.”

“నాకు ఇరవైరెండు వేలు పన్ను కట్టమని లెక్క వేసి ఇచ్చారు వదినా. ఈ రాయితీ పోతే ఏప్రిలులోపల నా వలల కొట్టం అమ్మాలి. రేవు పక్కన నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా పోతే పొద్దున లేచి ఎక్కడికి పోను?” అతని గొంతు పెరిగింది. “ఊరంతటికీ నువ్వే కదా చెప్పావు, ‘కోడలి కంపెనీ, నేను కార్యదర్శిని, నిశ్చింతగా పెట్టండి’ అని! నీ మొహం చూసి పెట్టాను. ఆ యంత్రాన్ని చూసి కాదు!”

“తెలుసు.”

రేజిస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆర్మెల్ అత్తగారి పక్కన కూర్చుని, కంపెనీ చెక్కుని బల్లమీద పెట్టి, వేలితో అతనివైపు జరిపింది. దాని పక్కనే ఖాళీ దరఖాస్తు ఒకటి పెట్టింది.

“మీ అరవై వేలు బాబాయ్. మీ వాటాలు రద్దుచేశాం. ఇది మీ డబ్బు. పూర్తిగా మీదే.”

“ఈ రెండోది?”

“చట్టంలో ఉన్న మాట మాత్రం చెబుతాను. శుక్రవారంలోపల ఈ ప్రావిన్సువాళ్లు ఎవరు మా వాటాలు కొన్నా, పోయిన ఏడాది పన్నులో రాయితీ వస్తుంది. కొనాలో వద్దో వాళ్ల ఇష్టం.”

అన్సెల్మ్ ఆమెవైపు, ఆ తర్వాత క్లోతిల్డ్‌వైపు చూశాడు. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు వదినా?”

క్లోతిల్డ్ పెదవులు కదిలాయి. ఆర్మెల్ బల్లకింద అత్తగారి మోకాలిమీద చెయ్యి వేసింది.

“చెప్పకూడదట,” అంది క్లోతిల్డ్.

“ఎవరట?”

“ప్రభుత్వం.”

అన్సెల్మ్ ఒక్కసారి, దగ్గులాగా, నవ్వాడు. “మా అన్నయ్య నలభై ఏళ్లు ప్రయత్నించి ఓడిపోయాడు. నీ నోరు మూయించడానికి ప్రభుత్వమే రావలసివచ్చింది!”

ఆ నవ్వు నిలవలేదు. చెక్కుని చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టి చూశాడు.

“డబ్బంతా యంత్రంలో పెట్టామని క్రిస్మస్‌కి నువ్వే చెప్పావు కదా అమ్మాయ్. మరి ఇదెక్కడిది?”

అన్సెల్మ్ గోడ దగ్గరున్నవాడివైపు తిరిగాడు.

“రేజిస్?”

“ఉంది బాబాయ్.”

“ఇంజను డబ్బా?”

రేజిస్ కిటికీవైపు చూశాడు. బయట పల్చగా మంచు మొదలైంది.

“నీ ఇంజను పొగ నా వంటగదిలోకి వస్తోందిరా,” అన్నాడు అన్సెల్మ్ నెమ్మదిగా. “బీకన్ రాళ్ల దగ్గర ఆగిపోయిందట కదా. ఊరికి తెలియదనుకున్నావా?”

రేజిస్ ఏదో అనబోయాడు. ఆర్మెల్ తల అడ్డంగా ఊపింది.

అన్సెల్మ్ చెక్కుని రెండు మడతలు పెట్టాడు. చొక్కా జేబులో పెట్టి బొత్తాం పెట్టాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

“సోమవారం తలుపు తీసేసరికి బ్యాంకు దగ్గర అందరికన్నా ముందు నేనే ఉంటాను,” అన్నాడు. “నీ ఇంటి చెక్కు నా జేబులో రోజులతరబడి ఉంచుకుంటే నీకు తలవంపులు కదా, వదినా.”

ఆ మాటను అతను వెక్కిరింతగా అన్నాడో, మర్యాదగా అన్నాడో అతని మొహంలో కనిపించలేదు.

“రేపు రాపూర్‌కి వస్తావా?” అంది క్లోతిల్డ్.

అతను తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. దరఖాస్తు బల్లమీదే ఉండిపోయింది. దాన్ని అతను ముట్టుకోనైనా లేదు.

“అయిపోయింది,” అన్నాడు రేజిస్.

ఆర్మెల్ కాగితం తీయబోయింది.

“ఉండనీ,” అంది క్లోతిల్డ్. “ఎక్కడ పెట్టావో అక్కడే ఉండనీ.”

బయట అన్సెల్మ్ బండి తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు. ముగ్గురూ చెవులు రిక్కించారు. తాళం తిప్పిన అలికిడి కూడా లేదు. కిటికీలోంచి చూస్తే, మంచు పడుతున్న అద్దం వెనక, స్టీరింగుమీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్న ఆకారం మాత్రం లీలగా తెలుస్తోంది.

రేజిస్ తలుపువైపు ఒక అడుగు వేశాడు.

“కూర్చో,” అంది తల్లి. “మాట తీసుకోకూడదన్నారు. ఇప్పుడు నువ్వు ఆ గుమ్మంలో నిలబడటమూ అడగటమే.”

అతను కూర్చున్నాడు. క్లోతిల్డ్ లేచి, పిండిన బంగాళాదుంప తురుము మీద మరుగుతున్న పులుసు పోయడం మొదలుపెట్టింది. ఆమె చూపు కిటికీమీద ఉండగా ఒక గరిటెడు పొయ్యిమీద ఒలికింది. బయట బండి ఇంకా కదల్లేదు.